గుఱ్ఱపుసాలలో వెలసిన పాఠశాల

ఐర్లండు దేశపు ఆగ్నేయ భాగమున, సూర్ నది ఒడ్డున, వాటర్‌ఫర్డ్ అను ప్రాచీనమైన రేవుపట్టణము కలదు. పదునెనిమిదవ శతాబ్దపు చివరి దినములలో ఆ రేవునుండి ఉప్పువేసిన మాంసమును, వెన్నయు పీపాలకెక్కి, అట్లాంటిక్ సముద్రము దాటి న్యూఫౌండ్‌లండు దీవికి పోవుచుండెను. అచ్చటి చలిసముద్రములో చేపలు పట్టు పల్లెకారులకు వాటర్‌ఫర్డ్ పట్టణమే అన్నదాత. ఆ సరకులను సమకూర్చి ఓడలకెత్తించు వర్తకులు పెక్కుమంది భాగ్యవంతులైరి. వారిలో ఒకడు 1802వ సంవత్సరమున తన వ్యాపారమును వదలుకొని, ఊరిలోని ఒక గుఱ్ఱపుసాలను బాగుచేయించి, రేవున తిరుగు బీదపిల్లలను చేరదీసి అక్షరములు దిద్దింపసాగెను. ఆ బడియే రెండు సంవత్సరములకు మౌంట్ సయన్ అను పేరుతో సొంత భవనములోనికి మారి, కాలక్రమమున ఉన్నత పాఠశాలయై, నేటికిని నడచుచున్నది. ఆ వర్తకుని పేరు ఎడ్మండ్ ఇగ్నేషియస్ రైస్.

ఆ పాఠశాల పుట్టుకను, తొలినాటి ఎదుగుదలను గూర్చి ఈ ప్రసంగములో చెప్పదలచితిని. ముఖ్యముగా, దాని ఖర్చును ఎవరు భరించిరి, ఏ షరతుపై భరించిరి అను సంగతిని వివరింపవలెనని నా ఉద్దేశము. విద్యాసంస్థల చరిత్రలలో స్థాపకుల గుణగణములకు దొరకినంత చోటు జమాఖర్చుల పుస్తకమునకు దొరకదు. ఈ పాఠశాల కథ మాత్రము ఆ పుస్తకము తెరువనిదే బోధపడదు.

ముందుగా ఆ దేశపు శాసనముల స్థితిని కొంచెము తెలుసుకొనవలెను. ఐర్లండు ప్రజలలో అత్యధికులు రోమను కాథలిక్కులు. పరిపాలించువారు ప్రొటెస్టంటులు. పదునేడవ శతాబ్దము చివర జరిగిన యుద్ధములలో కాథలిక్కుల పక్షము ఓడిపోయిన పిమ్మట, వారిని భూమికిని, ఉద్యోగములకును, విద్యకును దూరము చేయు చట్టములు ఒకదాని వెనుక నొకటి వెలువడెను. 1695వ సంవత్సరపు చట్టము ప్రకారము కాథలిక్కు ఎవడును బడి నడుపరాదు. నడిపినచో ఇరువది పౌనుల జుల్మానాయు, మూడు నెలల చెరసాలయు. పిల్లలను విదేశములకు పంపి చదివించుటయు నేరమే. 1709లో మరియొక మెట్టు దిగిరి. రహస్యముగా చదువు చెప్పు కాథలిక్కు పంతులును పట్టియిచ్చినవానికి పది పౌనుల బహుమానము ప్రకటించిరి. తోడేలును చంపినవానికి బహుమానమిచ్చుట ఆ దేశమున పూర్వమునుండియు కలదు. పంతులును ఆ జాబితాలో చేర్చుట మాత్రము క్రొత్త.

చట్టమెంత కఠినమైనను చదువు ఆగలేదు. పొలముల గట్ల చాటున, కంచెల నీడన, పశువుల కొట్టములలో పంతుళ్లు బడులు పెట్టిరి. వీనికే కంచెబడులని పేరు వచ్చెను. మన వీధిబడి పంతులు వలెనే ఆ పంతులును తలిదండ్రులు ఇచ్చు కొద్దిపాటి కాసులతో, ధాన్యముతో, పొయ్యిలోనికి పనికివచ్చు పీటు మట్టిగడ్డలతో కాలము గడిపెడివాడు. కొందరు పంతుళ్లు గొప్ప పండితులు. లాటిను, గణితము, భూమికొలత నేర్పగలిగినవారు. కాలము గడచినకొలది చట్టముల పట్టు సడలెను. 1782లో కాథలిక్కులు బడి పెట్టుకొనవచ్చునని అనుమతి వచ్చెను. అయితే రాజభక్తి ప్రమాణము చేయవలెను, స్థానిక ప్రొటెస్టంటు బిషప్పు వద్ద లైసెన్సు పొందవలెను. ఆ లైసెన్సు నియమము మరి పదేండ్లకు తొలగిపోయెను. అనుమతి లభించెను గాని బడికి కావలసిన ఇల్లు, పుస్తకము, పంతులు జీతము ఎచ్చటనుండి రావలెను? కంచెబడికి కాసు ఇచ్చుకోగల రైతుబిడ్డకు చదువు దొరకినది. పట్టణములో ఏమియు ఇచ్చుకోలేని కూలివాని బిడ్డకు దొరకలేదు. మన కథ ఆ బిడ్డను గూర్చినది.

ఎడ్మండ్ రైస్ 1762వ సంవత్సరము జూన్ 1వ తేదీన కిల్కెన్నీ మండలములోని కాలన్ అను చిన్న పట్టణము చెంత జన్మించెను. తండ్రి రాబర్టు కౌలుదారుడైన రైతు, ఉన్నంతలో కలిగినవాడు. ఏడుగురు కొడుకులలో ఎడ్మండ్ నాలుగవవాడు. అతడును కాలన్‌లో కంచెబడిలోనే ఓనమాలు నేర్చెను. పిమ్మట కిల్కెన్నీలో వర్తకమునకు పనికివచ్చు లెక్కలు, దస్తూరి, చిట్టా ఆవర్జాల పద్ధతి అభ్యసించెను. 1779లో, పదునేడేండ్ల ప్రాయమున, వాటర్‌ఫర్డ్‌లో ఓడలకు సరకులందించు తన పినతండ్రి మైకేలు వద్ద పనికి కుదిరెను. కుఱ్ఱవాడు చురుకైనవాడు. చూచుచుండగనే వ్యాపారమంతయు చేతికి వచ్చెను. పశువుల సంతలకు పోయి బేరములాడుట, కసాయివారితోను పీపాలు చేయువారితోను లెక్క తేల్చుకొనుట, ఓడ బయలుదేరు వేళకు సరకు రేవున ఉండునట్లు చూచుట ఇవన్నియు అతని నిత్యకృత్యములు. ఆర్జించిన ధనమును ఊరిలోని ఇండ్లపైనను, స్థలముల కౌళ్లపైనను మదుపు పెట్టెను. ఈ మదుపులను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత పాఠశాలను నిలబెట్టినది ఈ అద్దెలే.

1785 ప్రాంతమున రైస్ మేరీ ఎలియట్ అను యువతిని వివాహమాడెను. నాలుగేండ్లు నిండకుండగనే, 1789 జనవరిలో, ఆమె మరణించెను. గుఱ్ఱముపైనుండి పడెనని కొందరు, జ్వరము వచ్చెనని కొందరు చెప్పుదురు. ఒక ఆడశిశువు మిగిలెను. ఆ బిడ్డ అంగవైకల్యముతో జన్మించినది. ఇరువదియారేండ్ల వయస్సున రైసు చేతిలో లాభముతో నడచు వ్యాపారము, ఒడిలో సాకవలసిన బిడ్డ, ఇంటిలో శూన్యము. అప్పటినుండి అతడు ఊరి ధార్మిక సంఘములలో ఎక్కువగా పాల్గొనసాగెను. అద్దె చెల్లింపలేని బీద కుటుంబములను, తల్లిదండ్రులు లేని పిల్లలను ఆదుకొను సంఘములవి. చెరసాలలోని ఖైదీలను కూడ చూడబోవుచుండెను. వ్యాపారము మాత్రము మానలేదు. ఫ్రాన్సుతో యుద్ధము సాగుచున్న ఆ దినములలో ఉప్పుమాంసమునకు గిరాకీ ఎక్కువ. పదమూడేండ్లపాటు అతడు ఒక చేత సంపాదించుచు, మరియొక చేత ఇచ్చుచు వచ్చెను.

ఒకప్పుడు అతనికి సర్వము విడిచి మఠములో చేరవలెనని కోరిక పుట్టెను. అతని తమ్ముడొకడు అప్పటికే అగస్టీనియను సన్న్యాసి. ఆ సంకల్పమును ఒక పరిచిత స్త్రీతో చెప్పగా, ఆమె కిటికీవైపు చూపి, వీధిలో కేకలు పెట్టుచు కొట్లాడుకొనుచున్న చింపిరిగుడ్డల కుఱ్ఱలను ఇట్లే వదలి పోవుదువా అని అడిగెనని అచ్చటివారు పరంపరగా చెప్పుకొందురు. కథ ఎంతవరకు నిజమైనను, రైసు కన్నుల యెదుట ఒక నిదర్శనము మాత్రము ఉండెను. కార్క్ నగరమున నానో నాగిల్ అను సంపన్న కుటుంబపు స్త్రీ, చట్టములింకను కఠినముగా ఉన్న 1750లలోనే, తన ఆస్తిని వెచ్చించి బీదపిల్లలకు రహస్యముగా బడులు పెట్టినది. ఆమె స్థాపించిన ప్రెజెంటేషన్ సన్న్యాసినుల శాఖ 1798లో వాటర్‌ఫర్డ్‌కు వచ్చెను. వారి గృహనిర్మాణ వ్యవహారములలో రైసు తోడ్పడెను. ఆడపిల్లలకు ఆ స్త్రీలు చేయుచున్న పనిని మగపిల్లలకు చేయువారు ఊరిలో ఒక్కరును లేకుండిరి.

1802లో రైసు వ్యాపారమును విక్రయించెను. కూతురి పోషణకు తగిన ఏర్పాటు చేసెను. ఆ కట్టడి అతని జీవితాంతము తప్పలేదు. న్యూ స్ట్రీటు అను వీధిలోని ఒక గుఱ్ఱపుసాలను బడిగా మార్చి, తన మంచి ఇంటిని విడిచి దాని మీది గదులలో కాపురము పెట్టెను. పిల్లలు తండోపతండములుగా వచ్చిరి. వారు ఎట్టి పిల్లలో ఊహింపవచ్చును. ఒకచోట కుదురుగా కూర్చుండుట ఎన్నడును ఎరుగనివారు. రేవులో మోతకూలీల సందున పెరిగినవారు. జీతమునకు కుదిరిన ఇద్దరు సహాయోపాధ్యాయులు కొలది దినములలోనే పని విడిచి వెళ్లిపోయిరి. రైసు జీతము పెంచిచూచినను వారు నిలువలేదట. నలువది యేండ్ల వర్తకుడు ఒంటరిగా ఆ గుంపును పగలును, పెద్ద కుఱ్ఱలను రాత్రులును చదివించెను. బడి అంతటితో మూతపడునని చాలమంది తలచియుందురు.

మూతపడకుండ నిలిపినవారు ఇద్దరు యువకులు, థామస్ గ్రోవ్నర్, పాట్రిక్ ఫిన్ అనువారు. ఇద్దరును రైసు స్వగ్రామమైన కాలన్‌వారే. మఠమున చేరు తలంపుతో ఉన్న వీరు రైసువద్దకు వచ్చి, అతనితోపాటు ఆ సాల మీది గదులలోనే నివసించుచు పాఠములు చెప్పసాగిరి. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. జీతగాండ్రు నిలువని చోట వ్రతము పూనినవారు నిలిచిరి. ఇది భక్తికి సంబంధించిన మాటయే గాని, లెక్కకు సంబంధించిన మాట కూడ. పెండ్లి పిల్లలు లేక, ఒకే ఇంట ఉమ్మడిగా భుజించు ఉపాధ్యాయునకు అయ్యెడి ఖర్చు కుటుంబీకుడైన ఉపాధ్యాయుని ఖర్చులో కొంతభాగమే. ఉచిత విద్య నడుపుటకు రైసుకు దొరకిన మొదటి ఉపాయమిది. వర్తకుడైన అతనికి దీని విలువ తెలియకపోవునా?

గుఱ్ఱపుసాల చాలలేదు. ఊరి వెలుపల బాలీబ్రికెన్ దాపున కొంత ఎత్తైన నేలను కౌలుకు తీసుకొని రైసు క్రొత్త భవనము ప్రారంభించెను. 1803 జూన్ మాసమున బిషప్పు థామస్ హస్సీ వచ్చి నివాసగృహమును ఆశీర్వదించి, జెరూసలేములోని సియోను కొండ పేరిట దానికి మౌంట్ సయన్ అని నామకరణము చేసెను. ఈ హస్సీ సామాన్యుడు కాడు. ఐర్లండులో ఇప్పటికిని ప్రసిద్ధమైన మేనూత్ విద్యాలయమునకు 1795లో మొదటి అధ్యక్షుడు. ఆ మరుసటి నెలలోనే ఆయన పరమపదించెను. తన ధనములో కొంత భాగమును ఈ పాఠశాలకు వ్రాసియిచ్చి పోయెను. 1804 మే 1వ తేదీన మౌంట్ సయన్‌లో తరగతులు మొదలయ్యెను.

ఈ క్రొత్త స్థలములో చదువు గదులతోపాటు రైసు రెండు పనులు చేయించెను. ఒక రొట్టెల కార్ఖానా, ఒక దర్జీల గది. బడికి వచ్చు పిల్లలలో చాలమంది ఉదయము ఏమియు తినకుండ వచ్చెడివారు. వారికి రొట్టె పెట్టిరి. చలికి ఆగలేని గుడ్డలతో వచ్చిన వారికి దర్జీలు బట్టలు కుట్టియిచ్చిరి. ఇది ధర్మకార్యమని పొగడి ఊరకుండుట సులభము. ఓడలోని మనుష్యులకు ఎన్ని దినములకు ఎన్ని పీపాలు కావలెనో లెక్కకట్టి ఇరువదేండ్లు గడపినవానికి, కడుపు కాలిన మనిషిచేత పని చేయించుట సాధ్యముకాదని ఒకరు చెప్పవలసిన పని లేదు. బీదపిల్లవాడు బడికి రాకపోవుటకు కారణము సోమరితనమని ఆనాటి పెద్దలు పలువురు భావించుచుండగా, రైసు ఆకలియు చలియు కారణములని గుర్తించి, ఆ రెంటిని బడి ఖర్చులోనే వ్రాసెను. ఈనాడు మధ్యాహ్న భోజనము లేని బడిని మనము ఊహింపలేము. 1804లో అది అరుదు.

పాఠములు చెప్పు పద్ధతి కూడ వర్తకుని కట్టుబాటునే పోలియుండెను. పిల్లలను రెండు భాగములు చేసి, క్రింది గదిలో ఒక భాగము చదువుట, గుణింతములు నేర్చుట, మీది గదిలో మరియొక భాగము వ్రాత, లెక్కలు చేయునట్లు ఏర్పరచిరి. ఒక్కొక్క ఉపాధ్యాయుని క్రింద పెక్కుమంది పిల్లలుండుటచే, పెద్ద విద్యార్థులు చిన్నవారి జట్లకు చెప్పుచుండిరి. మన పాత బడులలో చట్టాంపిల్లకాయ చేసిన పనియే అది. గంట గంటకు గడియారము మ్రోగినప్పుడు అందరును క్షణకాలము ప్రార్థన చేసి తిరిగి పనిలో ప్రవేశించెడివారు. మతబోధ ప్రతిదినము తప్పనిది. అందరికిని ఎక్కువ సంతోషము కలిగించు ఏర్పాటు ఒకటి కలదు. బడిలో ఒక చిన్న పుస్తక భాండాగారము పెట్టి, పుస్తకములను పిల్లలచేతికిచ్చి ఇండ్లకు పంపుచుండిరి. చదువు రాని తలిదండ్రులకు సాయంకాలములందును ఆదివారములందును కొడుకు చదివి వినిపింపవలెను. ఒక్క బిడ్డను చేర్చుకొని ఇంటినంతయు బడిలో కూర్చుండబెట్టినట్లయ్యెను.

శిక్ష విషయమున తొలినాటి నియమములు బెత్తమును వీలైనంతవరకు దూరముగా ఉంచవలెనని ఉపాధ్యాయులను హెచ్చరించినవి. కంచెబడులలో పేకబెత్తము విరివిగా ఆడుచున్న ఆ కాలమున ఇది విశేషమే. ఈ మాటను చెప్పి ముందునకు సాగిపోవుట న్యాయము కాదు. తరువాతి తరములలో ఈ సంఘమువారి పాఠశాలలు కొట్టుటకు ప్రసిద్ధికెక్కెను. ఇరువదియవ శతాబ్దములో వారు నడిపిన అనాథ బాలుర వసతిగృహములలో పిల్లలపై జరిగిన అమానుష కృత్యములను 2009వ సంవత్సరమున ఐరిష్ ప్రభుత్వపు విచారణ సంఘము విపులముగా బయటపెట్టెను. రైసు వ్రాసిన నియమము కాగితముపైనే యుండెను. బెత్తము గోడకు వ్రేలాడుచునే యుండెను. స్థాపకుని మాట సంస్థను ఎంతకాలము కాపాడును అను ప్రశ్నకు ఇది చేదైన జవాబు.

మౌంట్ సయన్‌లో చదువు ఓనమాలతో ఆగలేదు. అది రేవుపట్టణము. పిల్లవానికి చిట్టా వ్రాయుట వచ్చినచో అంగడిలో గుమాస్తా కాగలడు. కొలతల గణితము వచ్చినచో కట్టడపు పనులలో మేస్త్రీ కాగలడు. నావికాశాస్త్రము వచ్చినచో ఓడలో సరంగు పక్కన నిలువగలడు. అందుచేత పై తరగతులలో జమాఖర్చుల పద్ధతి, క్షేత్రగణితము, నావికాశాస్త్రము వంటివి ఈ సంఘపు బడులలో క్రమముగా చోటుచేసుకొనెను. ప్రాథమిక పాఠశాల కడుపులోనే ఉన్నత పాఠశాల ఇట్లు రూపుదాల్చినది. ఎవరో ఒక దినమున ఉన్నత పాఠశాల అని పలక వ్రాసి తగిలించినది కాదు.

ఈ సందర్భమున ఒక విచిత్రమైన శిష్యుని గూర్చి చెప్పవలెను. ఇటలీ దేశమున కోమో సరస్సు ప్రాంతమునుండి వచ్చిన చార్లెస్ బియాంకోనీ అను యువకుడు చట్టము కట్టిన పటములను వీపున మోసికొని ఐర్లండు ఊరూర అమ్ముచు వాటర్‌ఫర్డ్ చేరెను. ఇంగ్లీషు అంతంతమాత్రము. రైసు ఆ యువకునితో స్నేహము చేసి, అతని చదువునకును లెక్కలకును తోడ్పడెను. కాలినడకన తిరిగి తిరిగి విసిగిన ఆ యువకుడు 1815 జూలైలో క్లాన్‌మెల్ పట్టణమునుండి కేహిర్ పట్టణమునకు ఒక గుఱ్ఱపుబండిని చవుక ఛార్జీతో నడుపుటకు మొదలుపెట్టెను. కొలది సంవత్సరములలో అతని బండ్లు ఐర్లండు దక్షిణ పశ్చిమ భాగములంతటను తిరుగసాగెను. ఆ దేశపు ప్రయాణపు బండ్ల చరిత్రలో అతని పేరే మొదటిది. రైసు బడిలో పుట్టిన పలుకుబడి ఎంత దూరము ప్రయాణము చేసినదో చూడుడు.

బడి పేరు చుట్టుపట్ల ప్రాకెను. 1806లో కారిక్-ఆన్-సూర్‌లోను, 1807లో డన్‌గార్వన్‌లోను శాఖలు వెలసెను. 1808 ఆగస్టు 15వ తేదీన రైసును, ఆయన సహచరులును బిషప్పు జాన్ పవర్ ఎదుట సన్న్యాస వ్రతము గైకొనిరి. నానో నాగిల్ స్త్రీల కొరకు ఏర్పడిన నియమావళినే తాత్కాలికముగా అనుసరించిరి. తరువాత కార్క్, డబ్లిన్, లిమరిక్ నగరములు పిలిచెను. ఇచ్చటనే ఒక చిక్కు ఏర్పడెను. ప్రతి ఊరి మఠమును ఆ ఊరి బిషప్పు అధీనములో నుండెను. వాటర్‌ఫర్డ్‌లో ఉపాధ్యాయులు మిగిలి డబ్లిన్‌లో కొరవడినను, ఒకరిని ఇచ్చటినుండి అచ్చటికి పంపు అధికారము రైసుకు లేదు. ఒక అంగడిలోని సరకును మరియొక అంగడికి పంపలేని వర్తకుని అవస్థ వంటిదిది. అందుచే రైసు రోమునకు విన్నవించుకొని, పోపు ఏడవ పయస్ వలన 1820లో ఒక ఆజ్ఞాపత్రము పొందెను. దానివలన అన్ని శాఖలును ఒకే అధిపతి క్రిందికి వచ్చెను. 1822 జనవరిలో సహోదరులు రైసునే అధిపతిగా ఎన్నుకొనిరి. కార్క్ నగరములోని కొందరు మాత్రము బిషప్పు క్రిందనే యుందుమని ప్రత్యేక శాఖగా నిలిచిరి. వేరు కాపురమే అయినను వీరి బడులును బాగుగానే నడచెను.

ఇంతమందికి అన్నము ఎచ్చటిది? రైసు ఇండ్ల అద్దెలు కొంత. మరణశాసనములలో పుణ్యాత్ములు వ్రాసిన సొమ్ము కొంత. ఏటికొకసారి దేవాలయములో ప్రసిద్ధ వక్తచే ఉపన్యాసము చేయించి, ద్వారమువద్ద పళ్లెము పట్టుట ఒక పద్ధతి. వారమునకొకసారి సహోదరులు ఇల్లిల్లు తిరిగి చందాలు పోగుచేయుట మరియొక పద్ధతి. వారు కాళ్లరుగ తిరిగి తెచ్చినది ఎక్కువ భాగము బీదల కాసులే. ఆ కాలముననే డేనియల్ ఓకానెల్ నెలకు ఒక పెన్నీ చొప్పున కాథలిక్కులనుండి వసూలుచేసి గొప్ప రాజకీయోద్యమము నడుపుచుండెను. 1828 జూన్ 9వ తేదీన డబ్లిన్‌లోని నార్త్ రిచ్మండ్ స్ట్రీటులో ఈ సంఘపు క్రొత్త పాఠశాలకు శంకుస్థాపన చేసినవాడు ఆయనయే. ఆయన పేరుతోనే ఆ పాఠశాల నేటికిని పిలువబడుచున్నది.

మరుసటి సంవత్సరమే, 1829లో, కాథలిక్కులకు పార్లమెంటు ద్వారములు తెరచిన చట్టము వచ్చెను. ఆ చట్టములోనే పురుష సన్న్యాసి సంఘములను పేర్లు నమోదు చేయించి క్రమముగా అంతరింపజేయు నిబంధనలు కూడ చేరియుండెను. దేశమంతయు పండుగ చేసికొనుచుండగా, ఆ పండుగకు చేయూతనిచ్చిన ఉపాధ్యాయుల తలపై కత్తి వ్రేలాడెను. అదృష్టవశమున ప్రభుత్వము ఆ నిబంధనలను ఎన్నడును అమలుపరచలేదు.

అసలైన పరీక్ష రెండు సంవత్సరములకు వచ్చెను. 1831లో ప్రభుత్వము ఐర్లండు అంతటను జాతీయ పాఠశాలల పద్ధతిని ప్రవేశపెట్టెను. ఉపాధ్యాయులకు జీతము, పుస్తకములు, కట్టడములకు సహాయము ప్రభుత్వమే ఇచ్చును. అన్ని మతముల పిల్లలును కలిసి లౌకిక విద్య నేర్వవలెను. మతబోధ వేరు వేళల జరుగవలెను. పాఠముల వేళ మతచిహ్నములు కనిపింపరాదు. ఆలోచించిచూచిన ఇది అన్యాయమైన షరతు కాదు. ఒకే బల్లపై రెండు మతముల పిల్లలు కూర్చుండవలెనన్న కోరిక ఆ దేశమున ఎంత అవసరమో తరువాతి చరిత్రయే సాక్షి. ఇంకొకవైపు, గంట గంటకు ప్రార్థనతో అల్లుకొన్న బడి దినచర్యనుండి ఆ పోగును తీసివేసిన ఆ బడి ఆ బడిగా ఉండునా అని సహోదరుల సందేహము. వారు మొదట కొన్ని పాఠశాలలను ఆ పద్ధతిలో చేర్చి చూచిరి. 1836లో వెలుపలికి వచ్చుటకు నిశ్చయించిరి. జీతము పోయెను, ఉచిత పుస్తకములు పోయెను. 1840లలో పాఠ్యపుస్తకములను సహోదరులే వ్రాసి అచ్చువేయించుకొనిరి. స్వాతంత్ర్యము మిగిలెను. దానితోపాటు అప్పులును మిగిలెను.

అప్పులు ఇంటిలో తగవు తెచ్చెను. 1838లో రైసు వృద్ధాప్యముచే అధిపతి పదవినుండి తప్పుకొనెను. పాల్ రియోర్డన్ అను సహోదరుడు ఆ పదవికి వచ్చెను. స్థోమత గలవారి పిల్లలవద్ద రుసుము తీసుకొని బడులు నడిపి, ఆ మిగులుతో ఉచిత బడులను పోషింపరాదా అని కొందరు సహోదరుల వాదము. లెక్కలలో ఈ వాదమునకు వంక పెట్టుటకు వీలులేదు. కాని రైసు అంగీకరింపలేదు. డబ్బిచ్చువాని బిడ్డ మొదటి బల్లమీదికి వచ్చుననియు, ఇచ్చుకోలేనివాని బిడ్డ కడపటి బల్లకును, ఆపైన గుమ్మము వెలుపలికిని పోవుననియు వ్యాపారము తెలిసినవాడు ఊహింపగలడు. ఈ వివాదము ఆయన చివరి సంవత్సరములను కలతపెట్టెను. మౌంట్ సయన్‌లోనే, 1844 ఆగస్టు 29వ తేదీన, ఎనుబదిరెండేండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. మరుసటి సంవత్సరమే బంగాళాదుంపల పంట కుళ్లి ఐర్లండును మహాక్షామము క్రమ్ముకొనెను. అప్పుడు ఆ బడుల ముంగిట ఎందరు పిల్లలు నిలిచియుందురో చెప్పనక్కరలేదు.

స్థాపకుని అనంతరము బడులు సముద్రములు దాటెను. ఇంగ్లండులో శాఖలు ఆయన జీవితకాలముననే ఏర్పడినవి. 1868లో ఆస్ట్రేలియాకును, 1876 ప్రాంతమున న్యూఫౌండ్‌లండుకును ఉపాధ్యాయులు తరలిరి. ఏ దీవికి ఉప్పుమాంసపు పీపాలు పంపి రైసు ధనము గడించెనో, ఆ దీవికే ఆయన పాఠశాల పోయి చేరెను. 1890 నాటికి కలకత్తాలోను ఈ సహోదరులు స్థిరపడిరి. దిల్లీలోని సెంట్ కొలంబా పాఠశాల 1941లో వీరు ఆరంభించినదే. మన తెలుగునాటికి ఐరిష్ విద్యాసంపర్కము మరియొక మార్గమున వచ్చినది. 1855లో హైదరాబాదున ఆల్ సెయింట్స్ పాఠశాల వెలసినప్పుడు ఆ ప్రాంతపు కాథలిక్కు మండలమునకు అధిపతి డేనియల్ మర్ఫీ. ఆయన రైసు సంఘమునకు చెందినవాడు కాడు గాని, కార్క్ మండలములో పుట్టినవాడు.

మౌంట్ సయన్ వంటి బడుల పై తరగతులకు ఉన్నత పాఠశాల హోదా నిలుకడగా వచ్చుట 1878వ సంవత్సరపు మాధ్యమిక విద్యా చట్టముతో జరిగెను. ఆ చట్టము పరీక్షలు ఏర్పరచి, ఉత్తీర్ణులైన విద్యార్థుల సంఖ్యను బట్టి బడికి సొమ్ము ఇచ్చెను. మతబోధను గూర్చి ప్రశ్నింపలేదు. సహోదరులు ఈసారి అంగీకరించిరి. వారి పిల్లలు పరీక్షలలో రాణించి బడులకు ధనము తెచ్చిరి. పరీక్షకొరకే చదివించు జాడ్యమును దానితోపాటే తెచ్చిరి. ఆ సొమ్ము పుట్టిన చోటు విని నవ్వుకొనవచ్చును. ఏ ప్రొటెస్టంటు రాజకీయ చర్చికి కాథలిక్కు రైతులు తరతరములుగా దశమభాగము చెల్లించిరో, ఆ చర్చి రాజాదరణను 1869వ సంవత్సరపు చట్టము తొలగించిన పిమ్మట మిగిలిన నిధినుండి పది లక్షల పౌనులను ప్రత్యేకించి, దాని వడ్డీతో ఈ పరీక్షలు నడిపిరి. ఇరువది పౌనుల జుల్మానానుండి ఇచ్చటికి వచ్చుటకు ఇంచుమించు రెండు శతాబ్దములు పట్టెను.

అయినను మాధ్యమిక విద్యకు రుసుము ఏదో రూపమున కొనసాగుచునే యుండెను. 1966 సెప్టెంబరులో ఐరిష్ విద్యామంత్రి డోనా ఓమాలీ మాధ్యమిక విద్యను ఉచితము చేయుదునని ప్రకటించెను. 1967లో ఆ ఏర్పాటు అమలులోనికి వచ్చెను. సహోదరుల పాఠశాలలు చాలవరకు అందులో చేరెను. పల్లెటూళ్ల పిల్లలను బడికి చేర్చుటకు అప్పుడే ప్రభుత్వము ఉచితముగా బస్సులు కూడ వేసెను.